ప్రవచనం, సోదె: సత్య ప్రవచన వివేచనకు క్రైస్తవ ప్రమాణాలు – కోనసీమ సంఘాల నేపథ్యం

వ్యాస సంగ్రహం

కోనసీమ క్రైస్తవ సంఘాలలో ‘ప్రవచనం’ అనే మాట నేడు ఎక్కువగా ఒక వ్యక్తి భవిష్యత్తును తెలిపే పలుకు అన్న అర్థంలో వినిపిస్తున్నది. చెప్పింది జరిగితే నిజం, జరగకపోతే అబద్ధం అన్న ఒకే కొలతతో దానిని తూచడం కూడా అలవాటయింది. బైబిలు, తొలి శతాబ్దాల క్రైస్తవ రచనలు ఇంతకంటే కఠినమైన ప్రమాణాలను చూపుతున్నాయి. ఆ ప్రమాణాలను తెలుగు బైబిలు పదజాలం ఆధారంగాను, గోదావరి డెల్టాలో వేళ్లూనిన సంఘ సంప్రదాయాల నేపథ్యంలోను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రవచనం, సోదె, వివేచన, కోనసీమ, బ్రదరన్ మిషన్, బైబిలు మిషను, పెంతెకొస్తు సంఘాలు, యిర్మీయా, హనన్యా.

1. కోనసీమలో ప్రవచనం

గౌతమీ, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఏ రహదారి మీద వెళ్లినా కొబ్బరితోటల మధ్య ఒక ప్రార్థనా మందిరం కనిపిస్తుంది. బ్రదరన్ సంఘాలు, లూథరన్ సంఘాలు, బైబిలు మిషను సంఘాలు, పెంతెకొస్తు సంఘాలు, ఏ శాఖకూ చెందని స్వతంత్ర సంఘాలు ఒకే ఊరిలో, ఒక్కొక్కచోట ఒకే పేటలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకే కుటుంబంలోని వారు ఆదివారం ఒక సంఘానికి, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మరొక సంఘానికి వెళ్లడం కూడా ఇక్కడ వింత కాదు.

ఈ ఉపవాస ప్రార్థనలలో, స్వస్థత సభలలో ప్రవచనం వినిపిస్తుంది. కువైట్, మస్కట్ వంటి చోట్లకు ఇంటిపనికి వెళ్లే స్త్రీలు అధికంగా ఉన్న ప్రాంతం ఇది. వీసా వస్తుందా, ఏజెంటుకు కట్టిన సొమ్ము దక్కుతుందా, అక్కడి యజమాని ఎలాంటివాడు, ఇక్కడ వదిలి వెళ్లిన పిల్లల సంగతి ఏమిటి అన్న ప్రశ్నలు మోసుకొని వచ్చే తల్లికి ‘నీకు ద్వారం తెరుచుకుంది’ అన్న మాట ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఆ మాట మీద అప్పు తీసుకుంటారు, నగలు కుదువ పెడతారు. రోగికి ‘నీవు స్వస్థపడ్డావు’ అన్న మాట మందులు మానడానికి కారణం కావచ్చు. ‘మీ ఇంటికి ఎవరో చేయించారు’ అన్న మాట మరింత ప్రమాదకరం. గోదావరి, విశాఖ మన్యాలలో చిల్లంగి అనుమానంతో జరిగిన దాడులు, హత్యలు గుర్తుంటే ఆ మాట ఎక్కడికి దారి తీయగలదో అర్థమవుతుంది. కాబట్టి ప్రవచనంలో సత్యాసత్య వివేచన వేదాంత విద్యార్థులకు మాత్రమే పరిమితమైన చర్చ కాదు. సామాన్య విశ్వాసి అప్పు, ఆరోగ్యం, పొరుగువారితో సఖ్యత దాని మీద ఆధారపడి ఉన్నాయి.

2. రెండు మాటలు

తెలుగులో ‘ప్రవచనం’ అన్న మాటకు రెండు జీవితాలు ఉన్నాయి. వైదిక సంప్రదాయంలో అది బోధనకు పేరు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి స్వాధ్యాయాన్ని, ప్రవచనాన్ని జంటగా చెబుతుంది: తాను చదవడం ఒకటి, ఇతరులకు చెప్పడం రెండవది. నేటికీ పురాణ ప్రవచనం అంటే తెలుగువారికి పురాణార్థాన్ని విడమరచి చెప్పడమే. క్రైస్తవ వ్యవహారంలో అదే మాట దేవుని ప్రేరణతో పలికిన పలుకు అయింది. ఇస్లాం వ్యవహారంలో కూడా ‘ప్రవక్త’ అన్న మాటే స్థిరపడింది. గ్రీకు ‘ప్రొఫేతేస్’ నిర్మాణం కూడా ‘ప్రవక్త’ నిర్మాణం వంటిదే. ఉపసర్గతో కూడిన ‘పలుకువాడు’ అన్న అర్థం రెండింటిలోనూ ఉంది. రెండింటిలోనూ ‘జరగబోయేది’ అన్న అర్థం ధాతువులో లేదు. భవిష్యత్తును తెలపడం ప్రవక్త పనిలో ఒక భాగమే తప్ప అతని నిర్వచనం కాదని పదమే చెబుతున్నది.

భవిష్యత్తు చెప్పడానికి తెలుగులో వేరే మాటలు పుష్కలంగా ఉన్నాయి. జోస్యం, శకునం, ఎరుక, సోది, కాలజ్ఞానం వాటిలో కొన్ని. యక్షగానాలలో ఎరుకలసాని వచ్చి నాయిక మనసులోని మాట చెప్పే ఘట్టం సుప్రసిద్ధం. జాతరలలో పూనకం వచ్చిన గణాచారి పలుకు కోసం ఊరు ఊరంతా చెవి ఒగ్గుతుంది. విశాఖపట్నంలో 1805 నుండి మొదలైన లండన్ మిషనరీల అనువాద కృషి, 1854 నాటి సంపూర్ణ తెలుగు బైబిలు, ఆ తరువాతి సవరణలు ఈ పదసంపదనంతా ఎదుర్కోవలసి వచ్చింది. నేడు సంఘాలలో చదువుతున్న బైబిలులో ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం ఇశ్రాయేలీయులకు నిషేధించిన వారి జాబితాను చూస్తే ‘సోదెగాడు’, ‘చిల్లంగివాడు’, ‘కర్ణపిశాచి’ వంటి మాటలు కనిపిస్తాయి. పాలస్తీనా నేల మీది ఆచారాలను అనువాదకులు గోదావరి తీరపు పల్లెకు తెలిసిన పేర్లతో చెప్పారు.

ఇంకొక విశేషం ఉంది. మీకా గ్రంథం 3వ అధ్యాయంలో యెరూషలేము ప్రవక్తలు సొమ్ము కోసం పలుకుతున్నారని ఆ ప్రవక్త నిందించేచోట తెలుగు అనువాదం ‘ప్రవచించుట’ అనలేదు, ‘సోదె’ అనే మాటనే వాడింది. హెబ్రీ మూలంలో కూడా అక్కడ ఉన్న క్రియ, ద్వితీయోపదేశకాండములో సోదెగాడిని సూచించే ధాతువు నుండి వచ్చినదే. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ పట్టణపు దాసి తన యజమానులకు లాభం తెచ్చిపెట్టే పనికి కూడా తెలుగు బైబిలు ‘సోదె’ అన్న మాటనే వాడింది. ఆమె పౌలును గురించి పలికిన మాటలో అబద్ధం లేదు. అయినా పౌలు ఆ పలుకును ఆపించాడు. మాట నిజమైనంత మాత్రాన అది ప్రవచనం కాదని ఈ ఘట్టం తెలుపుతున్నది.

సోదెలో అడిగేవారు ఉంటారు, చెప్పేవారు ఉంటారు, మధ్యలో ముట్టచెప్పేది ఉంటుంది. ప్రశ్న అడిగేవారిది, జవాబు వారిని గురించినది. బైబిలు ప్రవక్త చాలాసార్లు ఎవరూ అడగనిది చెబుతాడు. వినేవారికి నచ్చనిది చెబుతాడు. అతని మాట ఒక ఇంటితో ఆగక రాజును, న్యాయస్థానాన్ని, బజారులోని తూకపురాళ్లను కూడా తాకుతుంది. కోనసీమ ప్రార్థనా కూటంలో నేడు ప్రవచనం పేరుతో జరిగేది ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉన్నదో చూడడం వివేచనలో తొలి మెట్టు.

3. నెరవేర్పు అనే కొలత

‘చెప్పింది జరిగిందా?’ అన్న ప్రశ్నకు బైబిలులో ఆధారం ఉన్నది. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చివర, యెహోవా పేరిట పలికిన మాట నెరవేరకపోతే అది ఆయన మాట కాదని, ఆ ప్రవక్తకు భయపడనవసరం లేదని ఉంది. ఈ కొలత అవసరమే. దక్షిణ భారతదేశంలోనే దీనికి ఒక చారిత్రక ఉదాహరణ ఉంది. తిరువాన్కూరులో బ్రాహ్మణ కుటుంబం నుండి క్రైస్తవ్యంలోకి వచ్చి గురువైన యుస్తుస్ జోసెఫ్ నాయకత్వంలోని ఉజ్జీవ బృందం, క్రీస్తు రెండవ రాకడ 1881లో జరుగుతుందని ప్రకటించింది. ఆరేళ్ల గడువు పెట్టుకున్నందున వారికి ‘ఆరేళ్ల పక్షం’ అన్న పేరు కూడా వచ్చింది. గడువు దాటింది. బృందం మాత్రం వెంటనే చెదరిపోక, జరిగినదానికి కొత్త అర్థాలు చెప్పుకొని ‘యుయోమయం’ అన్న పేరుతో కొంతకాలం నిలిచింది. జోసెఫ్ రచించిన కీర్తనలు మలయాళ సంఘాలలో నేటికీ ఉన్నాయి. తేదీ తప్పినవాడు మోసగాడే కానవసరం లేదని, భక్తిపరుడు కూడా తప్పుగా ప్రవచించగలడని ఈ చరిత్ర చూపుతున్నది. తప్పు తప్పేనన్నది వేరే విషయం.

అయితే నెరవేర్పు ఒక్కటే చాలదని అదే ద్వితీయోపదేశకాండము ఐదు అధ్యాయాల ముందే చెప్పింది. 13వ అధ్యాయం ప్రకారం, చెప్పిన సూచక క్రియ జరిగినా సరే, ఆ ప్రవక్త అన్యదేవతల వైపు తిప్పితే అతని మాట వినకూడదు. నెరవేరిన పలుకు కూడా పరీక్ష కావచ్చునన్నమాట. పర్వత ప్రసంగంలో యేసు చెప్పిన ఫలాల ఉపమానం దీనికి కొనసాగింపు. తన పేరిట ప్రవచించామని చెప్పుకొనే వారందరినీ తాను ఎరుగనని చెబుతానని ఆయన మత్తయి 7వ అధ్యాయంలో హెచ్చరించాడు. అక్కడ ప్రశ్న వారు చెప్పినవి నెరవేరాయా అన్నది కాదు. వారి నడవడి ఎలాంటిది అన్నది.

ఇటువైపు చూస్తే నెరవేరని సత్య ప్రవచనం కూడా ఉంది. నలభై దినాలలో నీనెవె నాశనమవుతుందని యోనా ప్రకటించాడు, కాలేదు. పట్టణం మారుమనస్సు పొందింది. సీయోను పొలంలా దున్నబడుతుందని మీకా చెప్పాడు. హిజ్కియా కాలంలో అది జరగలేదు. దాదాపు నూరేళ్ల తరువాత యిర్మీయాను చంపాలన్నప్పుడు పెద్దలు మీకాను గుర్తు చేసి, రాజు వినయపడినందువలన కీడు తప్పిందని వాదించారు. ఆ వాదం యిర్మీయా ప్రాణం నిలిపింది. హెచ్చరిక ఫలించినప్పుడు కీడు జరగదు. తుఫాను హెచ్చరిక విని ఊరు ఖాళీ చేసినవారు ప్రాణాలతో మిగిలితే హెచ్చరిక అబద్ధమైందనరు. 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసిన కోనసీమకు ఈ పోలిక వివరించనక్కరలేదు.

అంటే నెరవేర్పు ప్రమాణానికి రెండు వైపులా మినహాయింపులు ఉన్నాయి. మరొక ఆచరణాత్మక లోపం కూడా ఉంది. నెరవేర్పు తేలేది తరువాత. నగలు కుదువ పెట్టవలసింది నేడు.

4. కొయ్యకాడి, ఇనుపకాడి

నేడు నిర్ణయించుకోవలసిన వానికి సహాయపడే కథ యిర్మీయా 28వ అధ్యాయంలో ఉంది. బబులోను రాజుకు లోబడి ఉండుమన్న తన సందేశానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద కాడి పెట్టుకొని తిరుగుతున్నాడు. సిద్కియా యేలుబడి నాలుగవ సంవత్సరం, అయిదవ నెలలో మందిరంలో యాజకుల ఎదుట, ప్రజల ఎదుట గిబియోనువాడైన హనన్యా ఎదురు నిలిచాడు. రెండేళ్లలో బబులోను కాడి విరుగుతుందని, దోచుకుపోయిన మందిరపు పాత్రలు, చెరపట్టబడిన రాజు, ప్రజలు తిరిగి వస్తారని యెహోవా పేరిటనే పలికాడు. అతని మాటతీరు యిర్మీయా మాటతీరే. దేవుని పేరు అదే. హెబ్రీ మూలం అతన్ని కూడా ‘ప్రవక్త’ అనే అంటుంది. అసలు ‘అబద్ధ ప్రవక్త’ అన్న సమాస పదం హెబ్రీ పాఠంలో లేదు. దానిని గ్రీకు అనువాదకులు తరువాత ప్రవేశపెట్టారు. నిలబడి ఉన్న ప్రజలకు కనిపించింది ఒకే దేవుని పేరిట పలుకుతున్న ఇద్దరు ప్రవక్తలు మాత్రమే.

యిర్మీయా మొదటి జవాబు ‘ఆమేన్’. అలా జరిగితే మేలేనన్నాడు. ఈ జవాబును చాలామంది వ్యాఖ్యాతలు ఎగతాళిగా తీసుకున్నారు గాని, తన జనం మీద ప్రేమ ఉన్న మనిషి మనసారా అన్న మాటగా చదివితేనే తరువాతి మాటకు బరువు వస్తుంది. పూర్వ ప్రవక్తలు యుద్ధాన్ని, కీడును, తెగులును గురించి పలికారని, సమాధానాన్ని పలికే ప్రవక్త మాట మాత్రం నెరవేరినప్పుడే నమ్మదగినదని యిర్మీయా గుర్తు చేశాడు. ఇది నెరవేర్పు సూత్రానికి ఒక ముఖ్యమైన సవరణ. వినేవారు కోరుకునేదే చెప్పే ప్రవచనం మీద రుజువు భారం ఎక్కువ. చేదు మాట చెప్పేవానికి దానివలన వచ్చే లాభం తక్కువ కాబట్టి అనుమానమూ తక్కువ.

హనన్యా ఆ కాడిని తీసి విరిచాడు. యిర్మీయా వాదించలేదు, తన దారిన వెళ్లిపోయాడు. అప్పటికప్పుడు ఎదురు ప్రవచనం చెప్పగల అవకాశం ఉన్నా చెప్పలేదు. తరువాత మాట వచ్చినప్పుడే తిరిగి వచ్చి, కొయ్యకాడికి బదులు ఇనుపకాడి వస్తుందని చెప్పాడు. మాట రానప్పుడు మౌనంగా ఉండగలగడం కూడా నిజమైన ప్రవక్త గుర్తులలో ఒకటని ఈ ఘట్టం సూచిస్తుంది. ప్రతి శుక్రవారం ప్రతి ఒక్కరికీ ఒక మాట ఉండే కూటాలను ఈ కొలతతో చూడవచ్చు. హనన్యా ఆ ఏడాది ఏడవ నెలలో మరణించాడు.

కథ అక్కడితో ఆగదు. 29వ అధ్యాయంలో యిర్మీయా బబులోనులోని వలసవారికి ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఉన్న పట్టణం క్షేమాన్ని కోరుకోండి, గడువు డెబ్బై ఏళ్లు అన్నది దాని సారాంశం. రెండేళ్లన్న హనన్యా మాటకు ఇది సూటి జవాబు. తెలుగు సంఘాలలో డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు తీసే ఆచారం ఉంది. ఆ కార్డులపై, క్యాలెండర్లపై తరచుగా కనిపించే వచనాలలో ఒకటి ఈ ఉత్తరంలోని 11వ వచనం. సమాధానకరమైన ఉద్దేశాలను, నిరీక్షణను చెప్పే ఆ వచనానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ల గడువు ఉంది. దానికి ఇంకాస్త ముందు, కలలు చెప్పే ప్రవక్తల చేత మోసపోవద్దన్న హెచ్చరిక ఉంది. కార్డు మీద ఆ రెండూ ఉండవు. అందువలన యిర్మీయా ఉత్తరం నుండి తీసిన వచనం ఈ ఏడాదిలోనే అంతా చక్కబడుతుందన్న హనన్యా మాటగా ఇంటికి చేరుతుంది. కార్డులో అబద్ధం లేదు, వచనమూ మారలేదు. మారింది దాని చుట్టూ ఉండవలసిన ఉత్తరం.

5. డెల్టాకు చేరిన సంప్రదాయాలు

కోనసీమ సంఘాల మధ్య ప్రవచనం విషయంలో ఉన్న భేదాలు ఇక్కడ పుట్టినవి కొన్ని, వచ్చినవి కొన్ని. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ ప్రాంతం నుండి విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో కలిసి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థిరపడ్డారు. వసిష్ఠ దాటితే రాజోలు సీమ. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణ కాలంలో (1847–52) బౌడెన్ అక్కడి కూలీల మధ్య బోధించాడు. గోదావరి డెల్టా మిషన్‌గా పేరొందిన ఈ బ్రదరన్ సంప్రదాయంలో జీతగాడైన పాదిరి ఉండడు. రొట్టె విరిచే ఆరాధనలో సహోదరులు ఒకరి తరువాత ఒకరు మాట్లాడతారు. అయినా కొత్త ప్రవచనాల పట్ల వారిది మొదటి నుండి జాగ్రత్త.

ఆ జాగ్రత్తకు ఒక చరిత్ర ఉంది. 1831లో లండనులో ఎడ్వర్డ్ ఇర్వింగ్ సంఘంలో భాషలు, ప్రవచనాలు మొదలయ్యాయి. అక్కడ ప్రవచించిన వారిలో డాంకాస్టర్ న్యాయవాది రాబర్ట్ బాక్స్టర్ ఒకరు. 1832 జనవరి 14 నుండి 1260 దినాలకు పరిశుద్ధులు ఎత్తబడతారని అతడు పలికాడు. గడువు రాకముందే, తాను పలికిన ఇతర మాటలు తప్పడం చూసి, తనను నడిపించింది దేవుని ఆత్మ కాదని ఒప్పుకొని 1833లో ఆ సంగతులన్నీ పుస్తకంగా ప్రకటించాడు. తన ప్రవచనాన్ని తానే విచారణకు పెట్టిన ఇలాంటివారు చరిత్రలో అరుదు. బ్రదరన్ నాయకులు ఈ ఉద్యమాన్ని దగ్గర నుండి పరిశీలించి దూరంగా ఉండాలని నిర్ణయించుకున్న సంవత్సరాలు అవి. బౌడెన్, బీర్ ఓడ ఎక్కింది ఆ తరువాత కొద్దికాలానికే. ప్రవచన వరం అపొస్తలుల పునాదితో ముగిసిందన్న బోధ బ్రదరన్ సంఘాలలో బలంగా ఉండడానికి ఎఫెసీయులకు 2వ అధ్యాయం వంటి లేఖన ఆధారాలతోపాటు ఈ అనుభవం కూడా తోడ్పడింది. అయితే లేఖనంలోని ప్రవచనాలను తేదీలకు, రాజ్యాలకు అన్వయించే ఆసక్తి వారిలోనే అధికం. ఇది గమనించదగిన వైరుధ్యం.

ఎగువన రాజమండ్రిలో లూథరన్ సంప్రదాయం వేరు దారిలో అదే చోటికి వచ్చింది. 1521లో విట్టెన్‌బర్గుకు వచ్చిన జ్వికావు ప్రవక్తలు తమకు దేవుడు నేరుగా మాట్లాడుతున్నాడన్నారు. 1522 మార్చిలో తిరిగివచ్చిన లూథర్, వాక్యం నుండి వేరుపడిన ఆత్మను నమ్మరాదని గట్టిగా నిలిచాడు. అదే లూథరన్ వాతావరణంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో తనకు కలిగిన దర్శనం ఆధారంగా రాజమండ్రిలో బైబిలు మిషనును ప్రారంభించడం తెలుగు క్రైస్తవ చరిత్రలో ఒక మలుపు. దర్శనాలకు, స్వప్నాలకు, దైవసన్నిధిలో కనిపెట్టడానికి ఈ మిషను ప్రాధాన్యమిచ్చింది. సందేహం వస్తే దేవుణ్ణి అడిగి తెలుసుకొనుమన్నది దాని బోధలో కీలకం. ఒకరి దర్శనాన్ని ఇంకొకరు గుడ్డిగా నమ్మక, ప్రతివారూ అడిగి తెలుసుకోవాలన్నది ఇందులోని బలం. అడిగినవారికి వచ్చిన జవాబును ఎవరు తూచాలన్నది ఇందులో మిగిలిన ప్రశ్న.

పెంతెకొస్తు సంప్రదాయం కేరళ బోధకుల ద్వారా కోస్తాకు వచ్చింది. ఇండియన్ పెంతెకొస్తు దేవుని సంఘం 1935లో ఏలూరులోనే రిజిస్టరు అయింది. ప్రవచన వరం నేటికీ ఉన్నదన్నది వీరి బోధ. బయటివారు వీరిని సులభంగా విమర్శిస్తారు గాని, ఊరిలోని ఏ సభలోనూ మాట దొరకని పేటల స్త్రీకి నిలబడి మాట్లాడే చోటు దొరికింది ఈ ఆరాధనలలోనే. ఫిలిప్పు నలుగురు కుమార్తెలు ప్రవచించేవారని అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం ఏ సంకోచమూ లేకుండా చెబుతుంది. వివేచన పేరుతో ఆ నోరు మూయించడం వివేచన అనిపించుకోదు. ఒక పెద్దమనిషి తప్పుడు మాటను మర్యాదగా సహించి, ఒక కూలి స్త్రీ మాటను మాత్రమే తూచే సంఘం ఏ ప్రమాణాన్ని పాటిస్తున్నట్టు?

6. రొట్టె, కూలి, చాటు

తొలి శతాబ్దాల సంఘాలకు కూడా సంచార ప్రవక్తలతో చిక్కు ఉండేది. 1873లో ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ కాన్‌స్టాంటినోపులులో కనుగొని 1883లో ప్రకటించిన ‘దిదాఖే’ అనే ప్రాచీన సంఘ నియమావళి ఈ విషయంలో ఎంతో లౌకికంగా మాట్లాడుతుంది. వచ్చిన బోధకుడు ఒకటి రెండు రోజులు ఉండవచ్చు, మూడవ రోజూ ఉంటే అనుమానించాలి. ఆత్మావేశంలో భోజనపు బల్ల సిద్ధం చేయించి తానే తింటే అతడు అబద్ధికుడు. ఆత్మ పేరిట సొమ్ము అడిగితే వినరాదు, ఇతర బీదల కోసం అడిగితే తప్పు పట్టరాదు. అదే గ్రంథం ఆత్మలో పలుకుతున్న ప్రవక్తను ఆ సమయంలో పరీక్షించవద్దని, నిజమైన ప్రవక్తకు పంటలో ప్రథమఫలం ఇవ్వాలని కూడా చెబుతుంది. పరీక్షించవలసింది ఆవేశాన్ని కాదు, నడవడిని అన్నది దాని తీరు.

రెండవ శతాబ్దంలో రోములో వెలువడిన హెర్మాసు ‘కాపరి’ గ్రంథం ఇంకొక అడుగు ముందుకు వేసింది. దాని 11వ ఆజ్ఞలో అబద్ధ ప్రవక్త పీఠం మీద, వచ్చినవారు బల్ల మీద కూర్చుంటారు. వారు తమకు ఏమి జరుగుతుందని అడుగుతారు, అతడు వారి కోరికకు తగినట్టు చెబుతాడు. కూలి లేకుండా చెప్పడు. నీతిమంతుల సభకు దూరంగా, మూలమూలల చెబుతాడు. నిండు సభలోకి వచ్చినప్పుడు అతనికి మాట రాదు. నిజమైన ప్రవక్త అడిగితే చెప్పడు, సభ ప్రార్థనలో ఉన్నప్పుడు మాట వస్తే చెబుతాడు. పీఠం బదులు ప్లాస్టిక్ కుర్చీ, మూల బదులు ఫోను పెట్టుకుంటే ఈ వర్ణన కొత్తగా రాయవలసిన అవసరం లేదు.

పాత నిబంధనలో ఈ ప్రమాణానికి మూలాలు ఉన్నాయి. నోటికి ఏదైనా పెట్టినవారికి సమాధానం, పెట్టనివారికి యుద్ధం ప్రకటించేవారిని మీకా ఎండగట్టాడు. చేరెడు యవల కోసం, రొట్టెముక్కల కోసం పలికేవారిని యెహెజ్కేలు 13వ అధ్యాయంలో నిందించాడు. నయమాను తెచ్చిన కానుకను ఎలీషా ముట్టలేదు. వెనుక పరుగెత్తి తెచ్చుకున్న గేహజీకి నయమాను కుష్ఠు అంటింది. అహాబు ఎదుట నాలుగు వందల మంది ఒకే మాట పలికినప్పుడు మీకాయా ఒక్కడే వేరుగా పలికాడు. ఆ నాలుగు వందల మంది రాజు పిలిచి కూర్చిన వారు. ఎక్కువమందికి ఒకే మాట రావడం కూడా రుజువు కాదు.

7. తూచవలసింది ఎవరు

పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం ఈ మొత్తం వ్యవహారాన్ని సభ చేతికి అప్పగించింది. ఇద్దరు ముగ్గురు ప్రవక్తలు పలకాలి, తక్కినవారు వివేచించాలి. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తలకు లోబడి ఉంటాయి కాబట్టి ‘నన్ను ఆపలేరు’ అన్న మాట చెల్లదు. ప్రవచనం క్షేమాభివృద్ధిని, హెచ్చరికను, ఆదరణను కలిగించాలి. పొరుగింటి వితంతువును చిల్లంగిగత్తెగా చూపించే మాట ఈ మూడింటిలో దేని కిందికీ రాదు. థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రిక ప్రవచించడాన్ని తృణీకరించవద్దని, వెంటనే సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోవాలని చెబుతుంది. మొదటి సగాన్ని ఒక సంఘం, రెండవ సగాన్ని మరొక సంఘం పంచుకున్నట్టు కోనసీమలో కనిపిస్తున్నది.

ఆ పరీక్ష ఎలా జరిగేదో అగబు కథ చూపుతుంది. లోకమంతటా కరవు వస్తుందని అగబు అంతియొకయలో సూచించాడు. శిష్యులు భయపడి కూర్చోలేదు, తమ ఇంటికి ఏమవుతుందని అడగలేదు. ఎవరి శక్తికి తగినట్టు వారు యూదయలోని సహోదరులకు సహాయం పంపారు. ఆ ప్రవచనం వలన సొమ్ము ప్రవక్త వైపు రాలేదు, కరవు వైపు వెళ్లింది. సంవత్సరాల తరువాత కైసరయలో అదే అగబు పౌలు నడికట్టుతో తన చేతులు కాళ్లు కట్టుకొని, యెరూషలేములో పౌలుకు సంకెళ్లు తప్పవన్నాడు. అందరూ ఏడ్చి వెళ్లవద్దన్నారు. పౌలు ప్రవచనాన్ని కాదనలేదు, ప్రయాణాన్నీ మానలేదు. వినేవారు చివరకు ప్రభువు చిత్తానికి వదిలారు. నిజమైన ప్రవచనం విన్న తరువాత కూడా ఏమి చేయాలన్న నిర్ణయం విన్న మనిషిదే. అగబు ఆ నిర్ణయాన్ని లాక్కోలేదు.

వివేచనకు ఒక చిన్న పనిముట్టును యెషయా 8వ అధ్యాయం ఇస్తుంది. జరగబోయేదాన్ని ప్రవక్త పెద్ద పలక మీద అందరికీ కనబడేలా రాశాడు. ఊరియా, జెకర్యా అనే ఇద్దరిని సాక్షులుగా పెట్టుకున్నాడు. తరువాత మాట మార్చడానికి వీలు లేకుండా తనను తాను కట్టుకున్నాడు. కోనసీమ సంఘాలలో బాప్తిస్మాలకు రిజిస్టరు ఉంది, పెళ్లిళ్లకు రిజిస్టరు ఉంది, కానుకలకు ఖాతా ఉంది, పెద్దల కూటానికి మినిట్స్ పుస్తకం ఉంది. పలికిన ప్రవచనాన్ని, పలికినవారి పేరును, తేదీని, విన్న ఇద్దరి సంతకాలను రాసుకోవడానికి ఆ మినిట్స్ పుస్తకంలో ఒక పేజీ చాలు.